యాభై బళ్లు, ఒక్క కుర్చీ

2013 మే 22, బుధవారం. షికాగో నడిబొడ్డున, క్లార్క్ స్ట్రీట్‌లో ఉన్న స్కూల్ బోర్డు ఆఫీసు. మీటింగు హాలు నిండిపోయింది. మాట్లాడదలచుకున్నవాళ్లకు తలా రెండు నిమిషాలు. మైకు ముందుకు తల్లులు వచ్చారు, అమ్మమ్మలు వచ్చారు, టీచర్లు వచ్చారు, మన కార్పొరేటర్ల లాంటి ఆల్డర్మన్లు వచ్చారు. ఎవరు ఏ పేట నుంచి వచ్చినా మాట ఒక్కటే: మా బడి మూయకండి. టైమైపోయినా మైకు వదలనివాళ్లను సెక్యూరిటీ సిబ్బంది బయటికి నడిపించారు.

తర్వాత ఓటింగు. ఆఖరి నిమిషంలో నాలుగు బళ్లకు మినహాయింపు దొరికింది. మూతపడేవి 50 అని తేలింది. వాటి పేర్లయినా ఒక్కొక్కటిగా చదవలేదు. దాదాపు అన్నిటినీ ఒకే మూటగా కట్టి, ఒక్క ఓటుతో కానిచ్చేశారు. పిల్లలు పుట్టకముందు నుంచీ ఆ వీధిలో ఉన్న బడి, తాము చదువుకున్న బడి, ఇప్పుడు తమ మనవలు చదువుతున్న బడి, కనీసం దాని పేరు పలికి మూస్తారని కూర్చున్నవాళ్లకు ఆ పేరు వినపడనే లేదు. అమెరికాలో ఏ నగరమూ ఒక్క దెబ్బకు అన్ని బళ్లు మూయలేదు.

దాదాపు 12 వేల మంది పిల్లలు చెదిరిపోయారు. షికాగో సర్కారు బళ్ల పిల్లల్లో నల్లజాతి వాళ్లు అప్పటికి 40 శాతం పైచిలుకు. మూతపడ్డ బళ్లలో మాత్రం నూటికి 88 మంది వాళ్లే.

ఓటేసిన బోర్డును ఊరి జనం ఎన్నుకోలేదు. ఏడుగురినీ మేయరే నియమించాడు. హైదరాబాద్ మేయర్‌కు సర్కారు బడి మీద పెత్తనం లేదు కాబట్టి మనకిది వింతగా తోస్తుంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో 800కు పైగా స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి. మిగతా ఊళ్లలో జనం తమ స్కూల్ బోర్డును తామే ఎన్నుకుంటుంటే, షికాగోకు మాత్రం అప్పట్లో ఆ హక్కు ఉండేది కాదు. పైగా 1995లో రాష్ట్రం ఒక చట్టం చేసి, అంతకుముందున్న కాస్త అడ్డు కూడా తీసేసి, బోర్డునూ బళ్లను నడిపే పెద్దనూ మేయర్ చేతిలో పెట్టింది. ఆ పెద్దకు సూపరింటెండెంట్ అన్న పాత పేరు పోయి, కంపెనీల్లో లాగా సీఈఓ అన్న పేరొచ్చింది. మేయర్ రిచర్డ్ డేలీ ఆ కుర్చీలో తన బడ్జెట్ డైరెక్టర్ పాల్ వాలస్‌ను కూర్చోబెట్టాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, కథలో మళ్లీ మళ్లీ వస్తుంది.

అంటే షికాగోలో ఊరి బళ్లన్నిటి బాగోగుల మీద తల్లిదండ్రులకు అప్పట్లో దక్కిన ఓటు నాలుగేళ్లకొక్కటి. అది మేయర్ ఎన్నిక. ఆ ఊళ్లో మేయర్ పోటీ ప్రతిసారీ బడి పోటీగా మారడానికి కారణం ఇక్కడే ఉంది.

బోర్డు వాదన బోర్డుకుంది. బళ్లలో 5 లక్షల 11 వేల మందికి చోటుంది, చేరినవాళ్లు 4 లక్షల 3 వేలు. లోటు వంద కోట్ల డాలర్లు. సగం ఖాళీ బడిలో పాఠం చెప్పించే బదులు ఆ డబ్బు పక్క బడిలో పెడితే అక్కడ లైబ్రరీ వస్తుంది, ఏసీ వస్తుంది, పిల్లలకూ మేలవుతుంది. మేయర్ రామ్ ఇమాన్యుయేల్ చెప్పింది ఇదే. కాగితం మీద చూస్తే కొట్టిపారేయలేని మాట.

కానీ ఖాళీ లెక్క ఎలా కట్టారు? గదికి 30 మంది ఉండాలన్నది కొలత. పశ్చిమాన హంబోల్ట్ పార్క్ పేటలో లఫాయెట్ అని ఒక ఎలిమెంటరీ స్కూలుండేది. అక్కడ ఆటిజం ఉన్న పిల్లలకు విడిగా తరగతులు నడిచేవి. అలాంటి గదిలో 30 మందిని కూర్చోబెట్టరు, కూర్చోబెట్టకూడదు. ఏడెనిమిది మంది ఉన్నా ఆ గది నిండినట్టే. కొలతలో మాత్రం అది ఖాళీ గది. అదే బడిలో పేద పిల్లలు వయొలిన్లు, చెల్లోలు పట్టుకుని సాధన చేసే ఒక ఆర్కెస్ట్రా ఉండేది. వాయిద్యాలు పెట్టుకునే గదినీ, సాధన చేసే గదినీ కొలతబద్ద ఏమని లెక్కించి ఉంటుందో ఊహించుకోవచ్చు. లఫాయెట్ మూతపడింది. మరుసటి ఏడాదే ఆ భవనంలోకి కళల హైస్కూలు ఒకటి వచ్చి చేరింది. ఆ పేట పిల్లల ఆర్కెస్ట్రాకు చాలని భవనం, ఊరంతటి నుంచి ఆడిషన్లు పెట్టి ఎంచుకున్న పిల్లల సంగీతానికి సరిపోయింది.

గదులు నిజంగానే ఖాళీ అయిన బళ్లూ ఉన్నాయి. అవెందుకు ఖాళీ అయ్యాయి? దక్షిణాన బ్రాంజ్‌విల్ పేటలో రాబర్ట్ టేలర్ హోమ్స్ అని 28 టవర్లుండేవి, ఒక్కొక్కటి 16 అంతస్తులు. వేలాది పేద కుటుంబాలకు నగరం కట్టించిన ఇళ్లు. 2007 నాటికి చివరి టవరు కూడా కూల్చేసింది నగరమే. 2000, 2010 జనాభా లెక్కల మధ్య షికాగోలో నల్లజాతి జనాభా లక్షా 80 వేల దాకా తగ్గిపోయింది. పైగా మామూలు బడి నుంచి పిల్లల్ని లాగే చార్టర్ స్కూళ్లు, అంటే సర్కారు సొమ్ముతో బయటి సంస్థలు నడిపే బళ్లు, అదే పేటల్లో తెరుస్తూ పోయారు. ఇళ్లు కూల్చింది మీరు, పక్కనే కొత్త బడి పెట్టింది మీరు, ఇప్పుడు బడి ఖాళీ అయిందని మూస్తున్నదీ మీరే. మైకు ముందు నిలబడ్డ అమ్మమ్మల కోపంలో ఇంత చరిత్ర ఉంది.

ఆగస్టు 26, సోమవారం. కొత్త విద్యా సంవత్సరం మొదటి రోజు. పొద్దున్నే ఒక తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని ఇల్లు కదిలింది.

“అమ్మా, ఇటెందుకు? బడి అటు కదా?”

“అది మూసేశారు నాన్నా. కొత్త బడి పెద్ద రోడ్డు అవతల.”

“ఆ రోడ్డు దాటొద్దని నువ్వే చెప్పావుగా?”

తల్లి జవాబు చెప్పలేదు. ఆ రోడ్డు రెండు గ్యాంగుల హద్దు. ఏ పొద్దున ఏం పేలుతుందో తెలియదు. దారి పొడవునా స్తంభాలకు పసుపు రంగు బోర్డులు, ఇది భద్రమైన దారి అని. మూలమూలనా మెరిసే జాకెట్లు తొడుక్కున్న మనుషులు. పిల్లలు బడికి చేరేదాకా కాపలా కాయడానికి నగరం అదనంగా 600 మందిని పెట్టుకుంది.

ఈ తల్లీకొడుకుల మాటలు నేను అల్లినవి. బోర్డులు, జాకెట్లు, హద్దులు, 600 మంది కాపలా నిజం. బడికి వెళ్లే ఏడేళ్ల పిల్లవాడికి వీధి వీధికీ కాపలా మనిషిని నిలపాల్సివచ్చిందంటే, ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకు ఆ వీధులు ముందే తెలుసన్నమాట.

పిల్లలు మంచి బడికే వెళ్లారా? షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు తర్వాతి సంవత్సరాల్లో లెక్క తీశారు. నూటికి 93 మంది తమ పాత బడి కన్నా మెరుగైన రేటింగు ఉన్న బడిలోనే చేరారు. కానీ అగ్రశ్రేణి బడిలో చోటు దొరికింది నూటికి 21 మందికే. మూత కబురు వచ్చిన ఏడాదే చదువు దెబ్బతిన్నది. లెక్కల మార్కుల్లో ఆ వెనకబాటు నాలుగేళ్లు వదల్లేదు. దాన్నే పట్టుకుని ఒక్క మాట అనకుండా ఉండలేను: పేదల బడి విషయంలో తప్పు లెక్క వేసినవాడు పరీక్ష తప్పడు, పిల్లవాడు తప్పుతాడు.

ఇమాన్యుయేల్ సొంత పిల్లలు చదివింది షికాగో విశ్వవిద్యాలయం వారి ల్యాబ్ స్కూల్లో, ప్రైవేటు బడి. అది ఆయన ఇష్టం, ఏ తండ్రికైనా ఆ హక్కుంది. ఊళ్లోని అమ్మలు మాత్రం ఆ రెండు బళ్లనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉంటారా? 160 ఎలిమెంటరీ బళ్లలో లైబ్రరీ లేదని టీచర్ల యూనియన్ 2012లో ఊరంతా చెప్పింది. పిల్సెన్ పేటలో విట్టియర్ బడి తల్లులు, ఎక్కువమంది మెక్సికన్లు, 2010 శరత్కాలంలో బడి ఆవరణలోని చిన్న కట్టడంలోకి దూరి 43 రోజులు కదలకుండా కూర్చున్నారు. దాన్ని కూల్చొద్దు, మా పిల్లలకు లైబ్రరీ కావాలి, అంతే వాళ్లడిగింది. పుస్తకాలు తామే పోగుచేసి అరల్లో పెట్టారు. 2013 ఆగస్టులో నగరం ఆ కట్టడాన్ని కూల్చేసింది.

ఇలాంటి ఊళ్లో కరెన్ లూయిస్ పైకి వచ్చింది. దక్షిణ షికాగో పిల్ల, అక్కడి సర్కారు బళ్లలోనే చదివింది, డార్ట్‌మత్ కాలేజీకి వెళ్లి వచ్చింది, ఇరవై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పింది. భారీ మనిషి, పెద్ద నవ్వు, ఎదుటివాడు మేయరైనా మాట తగ్గించదు. 2010లో టీచర్ల యూనియన్‌కు అధ్యక్షురాలైంది. మరుసటి ఏడాది ఇమాన్యుయేల్ మేయరయ్యాడు. వచ్చీరాగానే టీచర్లకు ఒప్పుకున్న 4 శాతం పెంపు ఆగిపోయింది. ఇద్దరి మధ్య తొలి మాటల్లోనే తేడా వచ్చింది. పిల్లల్లో పాతిక శాతం ఎందుకూ కొరగారని మేయర్ తనతో అన్నాడని లూయిస్ బహిరంగంగానే చెప్పింది. ఆ మాట అనలేదని మేయర్ పక్షం ఖండించింది. నాలుగు గోడల మధ్య మాట కాబట్టి తేల్చేవాళ్లు లేరు. ఊరు మాత్రం తలా ఒక పక్షం చేరింది.

సమ్మె చేయనివ్వకూడదని రాష్ట్రం ఒక కొత్త చట్టం తెచ్చింది. షికాగో టీచర్లు సమ్మెకు దిగాలంటే ఓటేసినవాళ్లలో కాదు, మొత్తం సభ్యుల్లో 75 శాతం ఒప్పుకోవాలి. ఇక వీళ్లు సమ్మె చేయలేరని ఆ చట్టం కోసం తిరిగిన ఒక నాయకుడు ఒక సభలో చెప్పుకున్నాడు, తర్వాత క్షమాపణ కోరాడు. 2012 జూన్‌లో ఓట్లు లెక్కపెడితే 90 శాతానికి దగ్గరగా వచ్చింది. సెప్టెంబర్ 10న పాతికవేలకు పైగా టీచర్లు ఎర్ర టీషర్టులు వేసుకుని రోడ్డెక్కారు. షికాగోలో పాతికేళ్ల తర్వాత తొలి టీచర్ల సమ్మె. మూడున్నర లక్షల మంది పిల్లలకు ఏడు పనిదినాలు బడి లేదు. ఇబ్బంది పడ్డ తల్లిదండ్రులే చాలామంది టీచర్ల పక్కన నిలబడ్డారు. ఎందుకంటే అడిగింది జీతమొక్కటే కాదు. మొదటి రోజే పుస్తకాలివ్వండి, డ్రాయింగు, సంగీతం టీచర్లను వేయండి, ఎండకు గదులు ఉడికిపోతున్నాయి చూడండి అని అడిగారు. కొన్ని సాధించారు.

సమ్మె గెలిచిన ఎనిమిది నెలలకు యాభై బళ్ల మూత. అప్పుడర్థమైంది లూయిస్‌కు. వీధిలో గెలిచి లాభం లేదు, కుర్చీ అవతలివాడి దగ్గరే ఉంది. మరి ఆ కుర్చీకే పోటీ చేస్తే?

2014 వేసవిలో పేటపేటకూ తిరిగి జనంతో కూర్చుని మాట్లాడింది. సొంత డబ్బు 40 వేల డాలర్లు ప్రచార ఖాతాలో వేసుకుంది. జూలైలో సన్-టైమ్స్ పత్రిక సర్వేలో ఆమెకు 45 శాతం, మేయర్‌కు 36. ఆగస్టులో ట్రిబ్యూన్ సర్వేలోనూ ఆమెదే పైచేయి. అధ్యక్షుడు ఒబామాకు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేసిన మనిషిని కెమిస్ట్రీ టీచరమ్మ దాటేసింది. ఒక్క ప్రకటన మిగిలింది.

అక్టోబర్ మొదటివారంలో ఆమెకు ఉన్నట్టుండి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేర్చారు. మెదడులో కణితి. ఆపరేషన్ చేశారు. అక్టోబర్ 13న పోటీ లేదని ఆమె మనుషులు విలేకరులకు చెప్పారు.

మంచం మీది నుంచే ఆమె చుయ్ గార్సియాను పోటీ చేయమని అడిగింది. గార్సియా మెక్సికోలో పుట్టి, చిన్నప్పుడే షికాగో వచ్చినవాడు, కుక్ కౌంటీ కమిషనర్. ఆయన్నే ఎందుకంటే దాని వెనక ఇంకో దీక్ష ఉంది. లిటిల్ విలేజ్ అనే మెక్సికన్ పేటకు కొత్త హైస్కూలు కట్టిస్తామని బోర్డు 1998లో మాటిచ్చింది. ఊరికి ఉత్తరాన ఎంపిక పరీక్షలతో పిల్లల్ని చేర్చుకునే హైస్కూళ్లు లేచి నిలబడ్డాయి, లిటిల్ విలేజ్ స్థలం మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. 2001లో మాతృదినోత్సవం నాడు ఆ పేట తల్లులు, అమ్మమ్మలు ఆ ఖాళీ స్థలంలోనే డేరా వేసి అన్నం మానేశారు. 19 రోజులు. గార్సియా అప్పుడు ఆ పేటలో వాళ్ల వెనక నిలిచిన సంస్థను నడిపేవాడు. బళ్ల సీఈఓగా డబ్బు లేదన్నది పాల్ వాలస్. ఆయన ఆ ఏడాదే పదవి వదిలాక, తర్వాత వచ్చిన ఆర్న్ డంకన్ ఒప్పుకున్నాడు. 2005లో బడి తెరుచుకుంది.

2015 ఫిబ్రవరిలో గార్సియా 33 శాతం ఓట్లతో ఇమాన్యుయేల్‌ను 50 శాతం చేరనివ్వలేదు. షికాగో మేయర్ ఎన్నిక మొదటిసారి రెండో రౌండుకు వెళ్లింది. ఏప్రిల్‌లో మాత్రం ఇమాన్యుయేలే గెలిచాడు. ఎన్నికల డబ్బు ఆయన దగ్గర చాలా ఎక్కువ. ఆ ఫిబ్రవరి బ్యాలెట్ మీదే 37 వార్డుల్లో ఇంకో ప్రశ్న ఉంది: స్కూల్ బోర్డును జనమే ఎన్నుకోవాలా? నూటికి దాదాపు 90 మంది అవునన్నారు. ఆ ఓటుకు చట్టబలం లేదు, సలహా మాత్రమే. మేయర్ పట్టించుకోలేదు.

ఇక డయెట్ బడి సంగతి. ఈ కథలో నా మనసు ఆగిపోయే చోటు ఇదే.

వాల్టర్ డయెట్ అని ఒకప్పుడు బ్రాంజ్‌విల్ పేటలో సంగీతం మాస్టారు. నాట్ కింగ్ కోల్, డైనా వాషింగ్టన్ ఆయన దగ్గర పాఠం చెప్పించుకున్నవాళ్లే. ఆయన పేరు పెట్టిన హైస్కూలు వాషింగ్టన్ పార్కు చెంత ఉంది. 2012లో బోర్డు దాన్ని మెల్లగా చంపే తీర్మానం చేసింది. కొత్త పిల్లల్ని చేర్చుకోరు, ఉన్నవాళ్లు బయటపడేదాకా నడుపుతారు. ఏటేటా తరగతులు తగ్గాయి, టీచర్లు తగ్గారు. 2015 వేసవిలో ఆఖరి బ్యాచ్ పట్టా పుచ్చుకుంది. 13 మంది. బడికి తాళం పడింది.

ఆ పేట తల్లిదండ్రులు అంతకు చాలాముందే తమ బడికి తామే ఒక ప్రణాళిక రాసుకున్నారు. పర్యావరణం, కొత్త సాంకేతికత నేర్పే, ఎంపిక పరీక్ష లేకుండా పేటలో ఎవరైనా నడిచి వెళ్లి చేరగలిగే హైస్కూలు. విశ్వవిద్యాలయాల వాళ్లతో కూర్చుని రాసిన కాగితాలవి. బోర్డు వింటానంటూ వాయిదా వేస్తూ పోయింది. ఆగస్టు 17న పన్నెండు మంది బడి బయట మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నీళ్లు, కొంచెం పళ్లరసం లాంటివి తప్ప తిండి లేదు. వాళ్లలో అమ్మమ్మలున్నారు. ఎండ, వాన, మెడకు తగిలించుకున్న అట్టముక్కలు, నర్సులు వచ్చి బీపీ చూడటం. ఒకరిద్దరు ఆసుపత్రి పాలై మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. సెప్టెంబర్ మొదట్లో మేయర్ బడ్జెట్ సభ పెడితే అక్కడికీ వెళ్లి నిలదీశారు, సభ మధ్యలోనే మేయర్‌ను పక్కదారిన తీసుకెళ్లిపోవాల్సి వచ్చింది. మరునాడే బోర్డు దిగివచ్చింది: డయెట్ మళ్లీ తెరుస్తాం, కళల హైస్కూలుగా. మేమడిగింది ఇది కాదన్నారు వాళ్లు. అన్నం ముట్టలేదు. 34వ రోజున, ఇక శరీరాలు మోయలేక విరమించారు.

2016 సెప్టెంబర్‌లో డయెట్ తలుపులు తెరుచుకున్నాయి. వాళ్లు రాసుకున్న బడి కాదు. అయినా బడి. నెల రోజులకు పైగా కడుపు మాడ్చుకుంటే తప్ప ఒక పేటకు మామూలు హైస్కూలు దక్కని ఏర్పాటును ఏ పేరు పెట్టి సమర్థిస్తారో నాకర్థం కాదు.

మనవాళ్ల సంగతి ఒక్క ముక్క. షికాగో అంటే మనకు తెలిసింది ఎక్కువగా నేపర్‌విల్, అరోరా, షామ్‌బర్గ్. ఇల్లు కొనేముందు తెలుగు కుటుంబాలు ముందుగా చూసేది స్కూల్ డిస్ట్రిక్టు రేటింగే. అమెరికాలో బడి డబ్బులో పెద్ద వాటా ఇంటి పన్ను నుంచి వస్తుంది. ఖరీదైన ఇళ్లున్న ఊళ్లో బడి కళకళలాడుతుంది, ఇళ్లు కూలిన పేటలో వెలవెలబోతుంది. మనం ఇంటి ధరలో కొనుక్కుంటున్న దాన్నే బ్రాంజ్‌విల్ అమ్మమ్మలు ఆకలితో అడిగారు. అరగంట, ముప్పావుగంట కారు దూరంలో ఉన్న ఆ పేటను మన సంఘాల సభల్లో కూడా తలచుకోవాలని నా కోరిక.

2019లో ఇమాన్యుయేల్ పోటీ చేయలేదు. ఎన్నికైన స్కూల్ బోర్డు తెస్తానన్న లోరీ లైట్‌ఫుట్ యాభై వార్డుల్లోనూ గెలిచింది. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రతి బడికీ నర్సు, సోషల్ వర్కర్ కావాలని టీచర్లు 11 పనిదినాలు సమ్మె చేయాల్సివచ్చింది. కుర్చీలో కూర్చున్నాక 21 మంది సభ్యుల ఎన్నికైన బోర్డు వద్దన్నది కూడా ఆమే. చివరికి 2021లో రాష్ట్రమే ఆమె మాట కాదని చట్టం చేసింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కరెన్ లూయిస్ చనిపోయింది.

2023 పోటీకి ఎవరొచ్చారో చూడండి. ఒకవైపు పాల్ వాలస్, 1995 నాటి ఆ మొదటి సీఈఓ. షికాగో తర్వాత ఫిలడెల్ఫియాలో, కత్రీనా తుపాను తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో బళ్లు నడిపి వచ్చాడు. రెండోవైపు బ్రాండన్ జాన్సన్. పాస్టర్ గారి పదిమంది పిల్లల్లో ఒకడు. కాబ్రినీ-గ్రీన్ అనే సర్కారు ఇళ్ల సముదాయాన్ని కూలుస్తున్న రోజుల్లో ఆ పక్కనే ఉన్న జెన్నర్ బడిలో పాఠాలు చెప్పినవాడు, ఆ తర్వాత లూయిస్ యూనియన్‌లో ఆర్గనైజర్, డయెట్ దీక్షలో పాల్గొన్నవాడు. ఫిబ్రవరి మొదటి రౌండులో లైట్‌ఫుట్ మూడో స్థానానికి పడిపోయింది. జనం ఎన్నుకున్న షికాగో మేయర్ పదవిలో ఉండగా ఓడటం నలభై ఏళ్లలో అదే మొదలు.

ప్రచారంలో ఎక్కువగా వినపడింది నేరాల మాటే. పోలీసు సంఘం వాలస్ వెనక, టీచర్ల యూనియన్ డబ్బు, మనుషులు జాన్సన్ వెనక. వాలస్‌ను విలన్ చేయడం నాకిష్టం లేదు. ఆయన హయాంలో బడ్జెట్లు కుదుటపడ్డాయి, కొత్త భవనాలు లేచాయి. కానీ తల్లిదండ్రులు బడిని ఎంచుకోవాలి అన్న ఆయన సూత్రం, రెండు బస్సులు మారి వెళ్లగలిగిన పిల్లలకే పనికొస్తుంది. జాన్సన్ సూత్రం వేరు. పిల్లవాడు నడిచి వెళ్లే బడిలోనే నర్సు, లైబ్రరీ, సంగీతం ఉండాలి. గార్సియా జాన్సన్‌కు మద్దతిచ్చాడు. ఏప్రిల్ 4న జాన్సన్ 52 శాతంతో గెలిచాడు, తేడా 26 వేల చిల్లర ఓట్లు. యాభై బళ్లు మూసిన పదేళ్లకు ఒక సర్కారు బడి టీచరు మేయర్ కుర్చీ ఎక్కాడు.

ఇక్కడితో ఆపితే కథ బాగుండేది. నిజం ఇంకా ముందుకు నడిచింది. కరోనా కాలంలో వచ్చిన కేంద్రం సొమ్ము అయిపోయింది, లోటు నోరు తెరిచింది. టీచర్లతో కొత్త ఒప్పందం, పెన్షన్ చెల్లింపు రెండూ మీద పడ్డాయి. 30 కోట్ల డాలర్లు అప్పు తెమ్మని మేయర్, ఆ అప్పు బళ్ల నడ్డి విరుస్తుందని సీఈఓ పెడ్రో మార్టినెజ్. 2024 అక్టోబర్‌లో, జాన్సనే నియమించిన బోర్డు సభ్యులు ఏడుగురూ ఒకేసారి రాజీనామా చేశారు. ఆయన కొత్తవాళ్లను వేశాడు. డిసెంబర్‌లో, క్రిస్మస్‌కు ముందు, ఆ బోర్డు మార్టినెజ్‌ను తీసేసింది. బడి మూత కోసం ఇమాన్యుయేల్ వాడిన అధికారమే బడి మేలు కోసమంటూ జాన్సన్ వాడాడు. ఉద్దేశం మంచిదే అనుకుందాం. దీక్షలు చేసిన తల్లులు అడిగింది మంచి ఉద్దేశమున్న మేయర్‌ను కాదు, తమ బడి మీద తమకొక ఓటు. ఈ విషయంలో జాన్సన్ అభిమానులు నాతో ఒప్పుకోరని తెలుసు. అయినా ఇదే నా మాట.

ఆ రెండు ఘటనల మధ్యనే, 2024 నవంబర్ 5న, షికాగో ఓటర్ల బ్యాలెట్ మీద స్కూల్ బోర్డు పోటీ మొదటిసారి కనిపించింది. పది స్థానాలు. నాలుగు టీచర్ల యూనియన్ బలపరిచినవాళ్లకు, మూడు చార్టర్ స్కూళ్ల పక్షం వాళ్లకు, మూడు ఎవరికీ చెందనివాళ్లకు దక్కాయి. 21 మందిలో మిగతా 11 మందిని ఈసారికి మేయరే నియమించాడు. చట్టం ప్రకారం 2026 నవంబర్ ఎన్నికతో 21 స్థానాలూ జనానివే, ఆ బోర్డు 2027 జనవరిలో కూర్చోవాలి. మరుసటి నెలలోనే మేయర్ ఎన్నిక. స్కూల్ బోర్డును నియమించే అధికారం లేని మేయర్ కుర్చీకి జరిగే పోటీ, ఈనాటి షికాగో ఓటర్లలో ఎవరూ ఇంతవరకు చూడనిది.